మళ్లీ రమ్మన్నారు

మూడో నెల నిండకముందే పొట్ట ఐదో నెలలా కనిపిస్తే, కవలలేమో అనుకుని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవనంతగా వేవిళ్లు వేధిస్తుంటే, తొలిచూలు కదా, కొందరికి అంతేలే అని సర్దిచెబుతారు. ఆ తర్వాత ఒకనాడు ఎరుపు కనిపిస్తుంది. ఆటో మాట్లాడుకుని పట్నం వెళ్తారు. స్కానింగ్ గదిలో డాక్టరమ్మ మామూలుకన్నా ఎక్కువసేపే తెరవంక చూస్తుంది. గుండె చప్పుడు లేదు. చేయీ కాలూ లేవు. గర్భసంచి నిండా చిన్న చిన్న నల్లటి బుడగలే ఉన్నాయి. బిడ్డ లేదమ్మా అని చెబితే ఆ పిల్లకు వెంటనే అర్థం కాదు. నెల తప్పింది, పరీక్షలో రెండు గీతలు వచ్చాయి, పొట్ట పెరుగుతోంది. మరి బిడ్డ లేకపోవడం ఏమిటి?

దీన్ని మన డాక్టర్లు రోగులకు ముత్యాల గర్భం అని చెబుతుంటారు. చీటీ మీద మోలార్ ప్రెగ్నెన్సీ అనో, వెసిక్యులర్ మోల్ అనో రాస్తారు. బిడ్డను పోషించాల్సిన మాయ తానే అదుపు తప్పి పెరిగి, నీటి బుడగల గుత్తిగా మారిపోవడమే ఈ జబ్బు. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో సుమారు వెయ్యి గర్భాలకు ఒకటి ఇలా అవుతుంది. ఆసియా దేశాల్లో ఇంతకన్నా ఎక్కువని ఆసుపత్రుల లెక్కలు చెబుతాయి. ఇరవై నిండని అమ్మాయిల్లోనూ, నలభై దాటాక గర్భం దాల్చినవారిలోనూ ముప్పు హెచ్చు. బాల్యవివాహాలు ఇంకా పూర్తిగా ఆగని చోట ఈ మాట పట్టించుకోవలసిందే.

ఇల్లు చేరేసరికి నిందలు మొదలవుతాయి. ఏం తిన్నావు, ఏం మోశావు, గ్రహణం నాడు బయటికెళ్లావా, మీ అమ్మవైపు ఎవరికైనా ఉందా అని ఆరా తీస్తారు. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదని సైన్సు చెప్పి చాలా ఏళ్లయింది. 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కాజీ, ఓహామా ఈ మాయలోని క్రోమోజోములను పరిశీలించారు. సంపూర్ణ ముత్యాల గర్భంలో కేంద్రకంలోని క్రోమోజోములన్నీ తండ్రివైపు నుంచి వచ్చినవేనని తేల్చారు. సాధారణంగా, ఎందుకో ఖాళీ అయిపోయిన అండంలోకి శుక్రకణం ప్రవేశించి, తన సరుకును తానే రెట్టింపు చేసుకుంటుంది. తల్లి వాటా లేకపోవడంతో పిండం తయారు కాదు, మాయ మాత్రం విచ్చలవిడిగా పెరుగుతుంది. పాక్షిక ముత్యాల గర్భమైతే మంచి అండంలోకే రెండు శుక్రకణాలు చేరతాయి. అందులో 46 ఉండాల్సిన చోట 69 క్రోమోజోములు తయారవుతాయి. ఈ లెక్క చెప్పింది నిందను భర్త మీదికి మళ్లించడానికి కాదు. అతని తప్పు కూడా ఇందులో లేదు. ఫలదీకరణం జరిగిన ఆ కొన్ని గంటల్లో దొర్లే పొరపాటు ఇది. దాన్ని ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఈ రెండు మాటలు అత్తగారి ఎదుట, భర్త ఎదుట డాక్టరు నోట రావాలి. మందుల చీటీ రాయడమెంత ముఖ్యమో, అదీ అంతే ముఖ్యం.

ఒక్క అరుదైన సందర్భం వేరు. కొందరికి ఒకటి తర్వాత ఒకటిగా ప్రతి గర్భమూ ఇలాగే అవుతుంది. ఎన్‌ఎల్‌ఆర్‌పీ7 అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్న స్త్రీలలో ఇలా జరుగుతుందని 2006లో బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపాలు కలిస్తేనే వచ్చే చిక్కు కాబట్టి, దగ్గర చుట్టరికంలో పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల్లో ఇది కనిపించే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఇప్పటికీ మానని మన జిల్లాల్లో, రెండుసార్లు ముత్యాల గర్భం వచ్చిన స్త్రీని మూడోసారి ప్రయత్నించమని పంపే ముందు జన్యు పరీక్ష గురించి చెప్పాలి. అలాంటివారికి దాత అండంతో తల్లి అయ్యే దారి ఉంది. మిగతా అందరికీ భయం అక్కర్లేదు. ఒకసారి ముత్యాల గర్భం వచ్చినవారిలో మళ్లీ వచ్చేది నూటికి ఒకరిద్దరికే.

చికిత్స మొదటి మెట్టు సులువైనదే. మత్తు ఇచ్చి, సన్నని గొట్టంతో గర్భసంచిని శుభ్రం చేస్తారు. జనం దీన్ని క్లీనింగ్ అంటారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. పీడ వదిలింది అనుకుని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డిశ్చార్జి కాగితం మీద కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: వారానికోసారి బీటా హెచ్‌సీజీ పరీక్ష చేయించుకుని చూపించాలి. నర్సమ్మ కూడా మళ్లీ రమ్మని నోటితో చెబుతుంది. రక్తం ఆగింది, నొప్పి లేదు, అమ్మాయి తిరుగుతోంది. మళ్లీ ఎందుకు వెళ్లాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఈ జబ్బులో ప్రాణం మీదికి వచ్చే ఘట్టం ఇక్కడే మొదలవుతుంది.

సంపూర్ణ ముత్యాల గర్భాన్ని తీసేశాక, నూటికి పదిహేను నుంచి ఇరవై మందిలో ఆ కణాలు కొన్ని లోపలే మిగిలి మళ్లీ పెరుగుతాయి. గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోతాయి. కొందరిలో కొరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతాయి. పాక్షిక రకంలో ఈ ముప్పు బాగా తక్కువ, కానీ లేకపోలేదు. అయితే ఇంత దుడుకు కణానికి ఒక బలహీనత ఉంది. అది దాక్కోలేదు. ఎక్కడున్నా హెచ్‌సీజీ అనే హార్మోను విడుదల చేస్తూనే ఉంటుంది. గర్భ పరీక్షలో గీత తెప్పించే హార్మోను ఇదే. వారం వారం రక్తంలో దాని అంకె తగ్గుతూ వచ్చి మామూలు స్థాయికి చేరితే జబ్బు పోయినట్టు. అంకె దిగకుండా మూడు వారాలు నిలిచిపోయినా, రెండు వారాలు వరసగా పెరిగినా లోపల నిప్పు ఇంకా ఉందన్నమాట. ముక్క కోసి పరీక్షించాల్సిన పని కూడా లేదు. పైగా ఈ కణితి నిండా రక్తనాళాలే కనుక, ముక్క తీయబోతే రక్తస్రావం ఆపడమే కష్టమవుతుంది. చికిత్స మొదలుపెట్టాలో లేదో తేల్చడానికి రక్తంలోని ఆ ఒక్క అంకె చాలు. ఒంట్లో ఎక్కడున్నా ఇంత నిక్కచ్చిగా తన జాడ తానే చెప్పే క్యాన్సర్ వైద్యంలో మరొకటి కనిపించడం కష్టం.

కనిపెట్టిన తర్వాత చేసే వైద్యమూ అంతే గొప్పది. 1956కు ముందు కొరియోకార్సినోమా ఒళ్లంతా పాకిందంటే దాదాపు మరణమే. ఆ ఏడాది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు మెథోట్రెక్సేట్ ఇచ్చి ఆ జబ్బును కరిగించిన సంగతి ప్రచురించారు. గడ్డ రూపంలో ఉన్న క్యాన్సర్ మందుతోనే నయం కావడం అదే మొదలు. గడ్డలు కనిపించకుండా పోయాక కూడా, రక్తంలో హార్మోను అంకె సున్నాకు చేరేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. కనిపించని జబ్బుకు విషంలాంటి మందు ఇంకా ఎందుకని పైవాళ్లు ఆక్షేపించారు. లీ ఉద్యోగం పోయింది. కాలం గడిచాక చూస్తే, ఆయన చెప్పినట్టు పూర్తిగా మందు వాడినవారికి జబ్బు తిరగబెట్టలేదు. 1972లో లీ, హెర్ట్జ్ ఇద్దరికీ లాస్కర్ పురస్కారం వచ్చింది. ఒంట్లో బాగానే ఉన్నా మళ్లీ రమ్మని డాక్టర్లు ఈనాటికీ అనడానికి మూలం లీ పట్టుదలలో ఉంది.

ఆ మందు వెనక మనవాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లోనే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. 1948లోనే ఆయన కన్నుమూశారు కాబట్టి ఈ విజయం ఆయన చూడలేదు. ఒక్క విషయం తలచుకుంటే మనసు కదులుతుంది. మన ఊళ్లలో ప్రతి గర్భిణికీ ఏఎన్‌ఎం చేతుల్లో పెట్టే ఐరన్ మాత్రలో ఇనుముతో కలిపి ఉండేది ఫోలిక్ ఆమ్లమే. గర్భం ఇలా వికటించిన స్త్రీకి ఇచ్చేది దాని విరుగుడు. ఆ విరుగుడు మరీ ఎక్కువ హాని చేయకుండా మర్నాడు ఇచ్చే ఫోలినిక్ ఆమ్లం కూడా ఆ కుటుంబంలోదే. ఒక రోజు మెథోట్రెక్సేట్ ఇంజెక్షను, మర్నాడు ఫోలినిక్ ఆమ్లం మాత్ర, ఇలా ఎనిమిది రోజులు. తర్వాత కొన్నాళ్లు విరామం, మళ్లీ ఎనిమిది రోజులు. నోటిపూత, కళ్ల మంట రావచ్చు. కీమో అనగానే గుండె గుభేలుమనేది జుట్టు గురించే గదా, ఈ మోతాదులో సాధారణంగా జుట్టు రాలదు. తక్కువ ముప్పు ఉన్నవారిలో దాదాపు అందరూ కోలుకుంటారు. మొదటి మందు చాలకపోతే రెండోది ఉంది. ముప్పు ఎక్కువున్నవారికి అయిదు మందులు కలిపి ఇస్తారు, వారిలోనూ అత్యధికులు బతుకుతారు. గర్భసంచి తీయకుండానే నయమవుతుంది కాబట్టి తర్వాత బిడ్డల్ని కంటారు.

మెథోట్రెక్సేట్ చవకైన మందు, పాతది, పేటెంట్ల గొడవ లేనిది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఈ జబ్బుకు వాడే మందులను ప్రత్యేకంగా చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ బాటలో నడిచే పథకాల కింద ఈ కీమోథెరపీ ఉచితంగా చేస్తారు. మందు ఉంది, డబ్బు పెట్టే దిక్కుంది, చేయగల డాక్టర్లు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ గుంటూరులోనూ ఉన్నారు. అయినా పేద దేశాల్లో ఈ జబ్బుతో స్త్రీలు చనిపోతున్నారంటే, మధ్యలో ఎక్కడో దారి తెగిపోతోంది.

ఎక్కడ తెగుతోందో వెతకడం కష్టమేమీ కాదు. వారానికోసారి రక్తపరీక్ష అంటే ఊరి నుంచి పట్నానికి బస్సు, తోడుగా మరొకరు, ఇద్దరికీ కూలి పోవడం, ప్రైవేటు ల్యాబులో వందల్లో బిల్లు. అంకె మామూలుకొచ్చాక కూడా కొన్ని నెలలపాటు నెలకోసారి రావాలి. మన బీమా పథకాలు ఆసుపత్రిలో చేరిన రోగికి అక్కరకొచ్చినంతగా, రక్తం ఇచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే రోగికి అక్కరకు రావు. పంట కోతలొస్తే ఒక వారం తప్పుతుంది. పండగొస్తే ఇంకోటి. ఫోన్ నంబరు మారిపోతుంది. పైగా ఈ కాలమంతా మళ్లీ గర్భం రాకూడదు. వస్తే, పెరుగుతున్న అంకె కొత్త బిడ్డదో పాత జబ్బుదో తెలియక చిక్కవుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడవచ్చు, వాటివల్ల ఈ జబ్బు పెరగదు. కానీ బిడ్డ పోయిన కోడలు మాత్రలు మింగుతుంటే ఏ అత్తగారు ఊరుకుంటుంది? పోయిన కడుపు తొందరగా నిండాలనే ఇంటిల్లిపాదీ చూస్తారు. ఆ తొందరలో చెడ్డతనం లేదు. ఎందుకు ఆగాలో వాళ్లకెవరూ చెప్పలేదు, అంతే.

బ్రిటన్ ఈ చిక్కును 1973 నుంచే ఒక పద్ధతిగా విప్పుకుంది. దేశంలో ఎక్కడ ముత్యాల గర్భం బయటపడినా ఆ స్త్రీ పేరు కేంద్రంలో నమోదవుతుంది. లండన్, షెఫీల్డ్, డండీల్లోని ప్రత్యేక ప్రయోగశాలల్లో ఒకదాని నుంచి ఆమె ఇంటికి పోస్టులో సీసాలు వస్తాయి. నమూనా నింపి తిరిగి పోస్టు చేస్తుంది. అంకె తేడాగా కనిపిస్తే వాళ్లే ఫోన్ చేసి పిలుస్తారు. ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో కెన్నెత్ బాగ్‌షా అనే వైద్యుడు మొదలుపెట్టిన ఈ పని వల్ల అక్కడ ఈ జబ్బుతో మరణం చాలా అరుదైపోయింది. వాళ్లది ధనిక దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారేమో. బ్రెజిల్ మనలాంటి దేశమే. అక్కడ రియో డి జనీరో వంటి నగరాల్లో ఈ జబ్బుకే ప్రత్యేక కేంద్రాలు పెట్టుకుని, చుట్టుపక్కల ఆసుపత్రులన్నీ రోగిని అక్కడికే పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో, ముప్పు ఎక్కువున్నవారికి జబ్బు ముదరకముందే ఒక విడత కీమో ఇచ్చే పద్ధతి పాటించారు. అందరికీ అవసరంలేని మందు అలా ఇవ్వడం సరికాదని చాలామంది నిపుణుల వాదన, నాకూ అదే సబబనిపిస్తుంది. కానీ తిరిగి రాలేని రోగిని కళ్లముందు పెట్టుకున్న డాక్టరు ఇరకాటం అర్థం చేసుకోదగినదే. ఊరూరా తపాలా బండి తిరిగే దేశం మనది. ఫోనులో డబ్బు పంపుకునే దేశం. ఒక నమోదు పుస్తకం, ఒక ఫోన్ కాల్ మనకు బరువు కావు.

మనదగ్గర మరో మూడు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది మందుల షాపు. గర్భం వద్దనుకున్నవారు స్కానింగ్ లేకుండా షాపులో మాత్రలు కొని వాడుతున్నారు. లోపలున్నది ముత్యాల గర్భమైతే అది ఎవరికీ తెలియకుండానే సగం పోయి సగం మిగులుతుంది. రెండోది ఆపరేషన్ గది. గర్భస్రావం తర్వాత శుభ్రం చేసి తీసిన కండను ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపాలి. మొదటి వారాల్లోనే స్కానింగ్ చేస్తున్న ఈ రోజుల్లో బుడగలు కంటికి కనపడేంత పెద్దవి కాకముందే గర్భం తీసేస్తున్నారు కాబట్టి సూక్ష్మదర్శిని కిందే జబ్బు దొరకాలి. చిన్న ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఆ కండ నేరుగా చెత్త సంచిలోకి పోతోంది.

మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా దారుణమైనది. కొరియోకార్సినోమా ముత్యాల గర్భం తర్వాతే రావాలని లేదు. సగానికి పైనో కిందో అలా వస్తుంది, మిగతాది మామూలు గర్భస్రావం తర్వాత, నిక్షేపంలా జరిగిన కానుపు తర్వాత కూడా వస్తుంది. బాలింతకు నెలలు గడిచినా మైల ఆగదు. ఆయాసం, దగ్గు, కళ్లెలో రక్తం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. క్షయ ఇంటింటా తెలిసిన దేశంలో ఎవరైనా ఏమనుకుంటారు? టీబీ మందులు మొదలవుతాయి. నెలలు పోతాయి. మరొకరు ఫిట్స్‌తోనో పక్షవాతంతోనో పడిపోతే మెదడులో రక్తస్రావం అని చేర్చుకుంటారు. ఆమె పాతికేళ్ల స్త్రీ అనీ, ఈమధ్యనే గర్భం పోయిందనీ ఎవరికీ తట్టదు. ఈ ఇద్దరికీ మూత్రంతో చేసే మామూలు గర్భ పరీక్ష చేసి ఉంటే జబ్బు బయటపడేది. ఆ కిట్టు ఆశ కార్యకర్త సంచిలో ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఉంది. హార్మోను మరీ విపరీతంగా ఉన్నప్పుడు కిట్టు తికమకపడి గీత చూపించకపోవచ్చు. అనుమానం ఉంటే మూత్రాన్ని నీళ్లతో పలచన చేసి మళ్లీ చూస్తే గీత కనిపిస్తుంది. నర్సింగ్ పాఠాల్లో, ఆశల శిక్షణలో ఈ చిన్న కిటుకు చేర్చడానికి జీవో కూడా అక్కర్లేదు.

ప్రభుత్వాలను అడగాల్సింది పెద్ద ఆసుపత్రులు కట్టమని కాదు. హైరిస్కు గర్భిణుల జాబితా ప్రతి పీహెచ్‌సీలో ఉంటుంది. ముత్యాల గర్భం తీయించుకున్న స్త్రీ పేరును ఆ జాబితాలోనే ఉంచండి. బిడ్డ లేదని ఆమె పేరు కొట్టేస్తున్నారు. గర్భిణిగా ఆమె పేరు పోయిన రోజే ఆమె ఇంటికి వెళ్లే మనిషి కూడా ఆగిపోతోంది. జిల్లా ఆసుపత్రుల్లో బీటా హెచ్‌సీజీ పరీక్ష ఉచితంగా జరగాలి, నమూనా పీహెచ్‌సీలోనే తీసి పంపాలి, తప్పిన వారానికి ఫోన్ వెళ్లాలి. ప్రతి రాష్ట్రంలో ఒకటి రెండు బోధనాసుపత్రులను ఈ జబ్బుకు కేంద్రాలుగా ప్రకటించాలి. అరుదైన జబ్బును పదిచోట్ల పదిమంది అప్పుడప్పుడు చూడటంకన్నా, ఒకేచోట కొందరు నిత్యం చూస్తే రోగికి మేలు.

పాఠకులకు ఒక మనవి. కానుపు తర్వాతో, గర్భం పోయిన తర్వాతో ఆరు వారాలు దాటినా రక్తం ఆగని స్త్రీ మీ ఇంట్లో ఉంటే, గర్భ పరీక్ష ఒకటి చేయించండి. కారణం తెలియని దగ్గులో రక్తం కనిపించినా డాక్టరుకు ఆ గర్భం సంగతి చెప్పండి. ముత్యాల గర్భం అని తేలిన అమ్మాయి మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఉంటే, ఆమె చీటీ అడిగి తీసుకుని తేదీ చూడండి. ఆ రోజు ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు ఇక చాలు అని చెప్పేదాకా ప్రతిసారీ వెళ్లండి.